వెనక సస్పెన్షన్ లింకులు ఎక్కడ బిగించాలి? సొంతంగా బండి కట్టుకునేవాళ్లకి లెక్కలతో సహా

నెల్లూరు ఆటోనగర్‌లో ఏ షెడ్డుకైనా పోయి, వెనక కమాన్ కట్టలు తీసేసి లింకులు (ఆక్సిల్‌ని ఛాసిస్‌కి కలిపే పైపు కడ్డీలు), కాయిల్ స్ప్రింగులు పెట్టాలని చెప్పండి. వెల్డర్ అడిగే మొదటి మాట "ఛాసిస్‌లో ఖాళీ ఎక్కడుందన్నా?" అనే. ఖాళీ ఉన్నచోట బ్రాకెట్ అతికిస్తాడు, దానికి సరిపడా పైపు కోస్తాడు, బండి కదులుతుంది కూడా. ఆక్సిలరేటర్ గట్టిగా తొక్కినప్పుడు వెనక టైర్లు టకటక ఎగురుతున్నాయనో, మలుపులో బండి తనంతట తనే లోపలికి తిరుగుతోందనో రెండు నెలల తర్వాత మళ్లీ అదే షెడ్డుకి రావాల్సి వస్తుంది. తప్పు వెల్డింగ్‌లో ఉండదు. లింకులు ఎక్కడ మొదలవుతాయన్నదానికంటే, వాటి గీతలు సాగదీస్తే గాలిలో ఎక్కడ కలుస్తాయన్నది ముఖ్యం. ఆ కలిసే చుక్కలు ముందు తేల్చుకుని, వాటి నుంచి వెనక్కి వచ్చి బ్రాకెట్ల చోటు పట్టుకోవాలి. ఖాళీ సంగతి ఆ తర్వాత.

ఇక్కడ చెప్పేది ముందు ఇంజను, వెనక చక్రాలకి పవరు, వెనక జీపు తరహా నిండు ఆక్సిల్ హౌసింగ్ ఉన్న బండి గురించి. అంటే రెండు చక్రాలూ ఒకే గొట్టం మీద ఉండేది. దానికి కింద రెండు, పైన రెండు లింకులు, పైవి రెండూ ఏటవాలుగా. ఈ అమరికని నాలుగు లింకుల ట్రయాంగిల్ అంటారు. విడివిడి చక్రాల సస్పెన్షన్‌కి లెక్క వేరే, దాన్ని ఇందులో కలపను.

ముందుగా చట్టం మాట. 1988 మోటారు వాహనాల చట్టం సెక్షన్ 52 ప్రకారం, తయారీదారు ఇచ్చిన వివరాలకి తేడా వచ్చేలా రిజిస్టర్ అయిన బండిని మార్చకూడదు. సుప్రీంకోర్టు 2019 జనవరిలో దీన్ని గట్టిగానే చెప్పింది. కాబట్టి ఈ బండి మీ సొంత పొలానికీ, ఆఫ్‌రోడ్ ఈవెంట్లకీ, కాలేజీ ప్రాజెక్టుకీ అనుకోండి. హైవే మీద కావలికో సూళ్లూరుపేటకో పోవడానికి కాదు, ఎక్కడికైనా తీసుకెళ్లాలంటే ట్రాలీ మీద ఎక్కించుకెళ్లండి.

కొలతలు: నేల మీద సున్నా పెట్టుకోండి

బండిని చదునైన గచ్చు మీద, అది చివరికి నిలబడాల్సిన ఎత్తులో నిలబెట్టాలి. స్ప్రింగులు ఇంకా లేవు కాబట్టి ఛాసిస్ కింద చెక్కదిమ్మలు పెట్టి ఆ ఎత్తుకి తెండి. టైర్లు బండికి చివరగా వేసేవే ఉండాలి, గాలి సరిగా ఉండాలి. ఆరంగుళాల తేడా ఉన్న టైరు పెట్టి కొలిచి, తర్వాత పెద్ద టైరు వేస్తే లెక్క మొత్తం పోతుంది.

వెనక ఆక్సిల్ మధ్య నుంచి మేస్త్రీలు వాడే తూకపు గుండు నేలకి దించి అక్కడ గుర్తు పెట్టండి. అదే సున్నా. అక్కడి నుంచి ముందుకి దూరం, నేల నుంచి ఎత్తు, బండి మధ్యగీత నుంచి పక్కకి దూరం. ప్రతి బోల్టు రంధ్రానికీ ఈ మూడు అంకెలు రాసుకోవాలి. రసమట్టం, తూకపు గుండు, దారం, టేపు, చాక్‌పీసు ఉంటే చాలు. కంప్యూటర్ వచ్చినవాళ్లు ఎక్సెల్ షీట్ చేసుకోవచ్చు. రాకపోతే షెడ్డు గచ్చు మీద అసలు కొలతలోనే పక్క నుంచి కనిపించే బొమ్మ గీయండి. రెండు మీటర్ల పొడవు గీతలు కాగితం మీదకంటే నేల మీదే బాగా అర్థమవుతాయి, పక్కనున్న వెల్డర్‌కి కూడా మీరేం అడుగుతున్నారో చూడగానే తెలుస్తుంది.

ఉదాహరణకి ఒక బండి తీసుకుందాం, చివరిదాకా ఇదే. వీల్ బేస్, అంటే ముందు, వెనక ఆక్సిళ్ల మధ్య దూరం, 2400 మి.మీ., బరువు 1000 కిలోలు, అందులో వెనక 550. టైరు వ్యాసం 720, ఆక్సిల్ మధ్య ఎత్తు 360.

బరువు కేంద్రం ఎత్తు

దీన్ని ఎక్కువమంది ఊహించేస్తారు. కొలవడం పెద్ద కష్టం కాదు. సస్పెన్షన్ కదలకుండా దిమ్మలతో బిగించి, బండి మట్టంగా ఉన్నప్పుడు ముందు చక్రాల కింద బరువు చూడండి. తర్వాత వెనక చక్రాలని అర మీటరు పైకి లేపి ముందు బరువు మళ్లీ చూడండి. వెనక లేపితే ముందు బరువు పెరుగుతుంది. లెక్క ఇదీ:

బరువు కేంద్రం ఎత్తు = ఆక్సిల్ ఎత్తు + (ముందు పెరిగిన బరువు × వీల్ బేస్) ÷ (మొత్తం బరువు × వాలు)

2400 వీల్ బేస్‌కి 500 లేపితే, ఏటవాలు బండి ఆక్సిళ్ల మధ్య నేల మీది దూరం 2347 అవుతుంది, కాబట్టి వాలు 500 ÷ 2347 = 0.213. ముందు 26 కిలోలు పెరిగిందనుకోండి: 26 × 2400 ÷ (1000 × 0.213) అంటే 293, దానికి 360 కలిపితే 653. మనం 650 అనుకుందాం.

చీమకుర్తి గ్రానైటు లారీలు తూచే వే బ్రిడ్జి మీద ఈ పని చేయొద్దు. అది పది కిలోల మెట్లలో చూపిస్తే, పెరిగిన 26 కిలోల్లో ఐదు కిలోలు అటూ ఇటూ అయినా ఎత్తులో 55 మి.మీ. తేడా వస్తుంది. మొత్తం బరువుకి వే బ్రిడ్జి బాగానే ఉంటుంది. ఈ చిన్న తేడాకి మాత్రం రైస్ మిల్లులోనో, రొయ్యలు తూచే చోటో ఉండే ప్లాట్‌ఫారం కాటాలు రెండు అడిగి తెచ్చుకుని ఒక్కో ముందు చక్రం కింద ఒక్కోటి పెట్టండి. చక్రం బరువు కాటా హద్దులోపలే ఉందో లేదో ముందు చూసుకోండి. బండికి అడ్డం దిమ్మలు పెట్టకుండా లేపొద్దు. హ్యాండ్ బ్రేకు వేయకూడదు, గేరు న్యూట్రల్‌లో ఉండాలి, లేకపోతే కాటా తప్పు చూపిస్తుంది. అంటే జారకుండా ఆపాల్సిన పని మొత్తం దిమ్మలదే.

పక్క నుంచి చూసే బొమ్మ

కింది లింకు గీతని, పై లింకు గీతని ముందుకి సాగదీస్తే రెండూ ఒకచోట కలుస్తాయి. దాన్ని ఇన్‌స్టంట్ సెంటర్ అంటారు. ఆ క్షణానికి వెనక ఆక్సిల్ ఆ చుక్కకి కట్టిన పొడవాటి చేయిలా కదులుతుంది, ఎద్దుబండి ఇరుసు నుంచి కాడి దాకా పోయే నొగలాగా. నిజమైన నొగ కనిపిస్తుంది, ఇది కనిపించదు, అంతే తేడా. బండి కదిలేకొద్దీ ఈ చుక్క కూడా జరుగుతుంది, ఆ సంగతి తర్వాత.

టైరు నేలని తాకే చోటు నుంచి ఈ చుక్క మీదుగా గీత గీయండి. ఆ గీత ఎంత నిటారుగా ఉంటే, ఆక్సిలరేటర్ తొక్కినప్పుడు బండి వెనక భాగం అంత తక్కువ కూర్చుంటుంది. ముందు ఆక్సిల్ దగ్గర ఆ గీత బరువు కేంద్రం ఎత్తుకి సరిగ్గా చేరితే యాంటీ స్క్వాట్ (వెనక భాగం కూర్చోకుండా ఆపే గుణం) 100 శాతం. సూత్రం:

యాంటీ స్క్వాట్ శాతం = (చుక్క ఎత్తు ÷ చుక్క దూరం) × (వీల్ బేస్ ÷ బరువు కేంద్రం ఎత్తు) × 100

ఒక అపోహ ఉంది. యాంటీ స్క్వాట్ పెంచితే వెనక్కి ఎక్కువ బరువు పడుతుందని చాలామంది అనుకుంటారు. పడదు. వెనక్కి మళ్లే బరువు తేల్చేది బరువు కేంద్రం ఎత్తూ, వీల్ బేసూ, ఎంత త్వరగా వేగం పెంచామన్నదీ. లింకులు చేసేదల్లా ఆ బరువులో ఎంత భాగం స్ప్రింగుల మీదుగా పోవాలి, ఎంత భాగం నేరుగా లింకుల మీదుగా పోవాలి అని పంచడం.

ఎంత పెట్టాలి? మైపాడు ఇసుక, రొయ్యల గుంటల కట్టల మీద బురద, ఉదయగిరి వైపు రాళ్ల బాట, ఇలా అన్నీ తిరిగే బండికి 60 నుంచి 80 శాతం నా లెక్కలో బాగుంటుంది. 100 దాటించి పెడితే స్టార్టింగ్ లాగుడు గట్టిగా ఉన్నట్టు అనిపిస్తుంది గానీ గరుకు నేల మీద టైరు ఎగరడం మొదలవుతుంది. పైగా బ్రేకులు కూడా అదే హౌసింగ్ మీద ఉంటాయి కాబట్టి బ్రేకు బలం కూడా ఇవే లింకుల మీదుగా తిరగబడి పోతుంది. గట్టిగా బ్రేకు వేసినప్పుడు వెనక భాగం గడగడలాడుతుందంటే ఎక్కువసార్లు కారణం ఇదే. మన ఉదాహరణకి 70 అనుకుందాం.

ఇప్పుడు వెనక్కి లెక్క. 70 శాతం కావాలంటే గీత వాలు 0.70 × 650 ÷ 2400 = 0.19. చుక్క ఈ గీత మీద ఎక్కడో ఒకచోట పడాలి. ఆక్సిల్ దగ్గర పై లింకు, కింది లింకు మధ్య నిలువు దూరం టైరు వ్యాసంలో నాలుగో వంతు ఉంచడం ఆఫ్‌రోడ్ బండ్లు కట్టేవాళ్లలో ఉన్న పాత లెక్క. 720కి 180. ఆక్సిల్ కింద 70 దగ్గర ఒకటి, పైన 110 దగ్గర ఒకటి పెడితే ఇలా వస్తుంది:

కింది లింకు, ఆక్సిల్ వైపు: ముందుకి 0, ఎత్తు 290
కింది లింకు, ఛాసిస్ వైపు: ముందుకి 900, ఎత్తు 310
పై లింకు, ఆక్సిల్ వైపు: ముందుకి 0, ఎత్తు 470
పై లింకు, ఛాసిస్ వైపు: ముందుకి 650, ఎత్తు 417

ఈ రెండు గీతలూ ఆక్సిల్‌కి 1735 మి.మీ. ముందు, నేలకి 329 ఎత్తులో కలుస్తాయి. 329 ÷ 1735 × 2400 ÷ 650 అంటే 70 శాతం. కింది లింకు కుదిరినంత పొడవుగా, పైది పక్క బొమ్మలో దానిలో 70–75 శాతం ఉండేలా చూసుకుంటే బండి ఎగిరి దిగేటప్పుడు ఈ శాతం పెద్దగా ఊగదు. ఛాసిస్ 80 మి.మీ. కిందకి దిగినప్పుడు లెక్కేస్తే సుమారు 65, 80 పైకి లేచినప్పుడు 73. ఆక్సిల్ తను తిరిగే చిన్న తేడాని పక్కనపెట్టి వేసిన లెక్క ఇది, పనికి సరిపోతుంది.

ఛాసిస్ వైపు పై బ్రాకెట్‌కి ఒక రంధ్రం కాదు, 20 మి.మీ. ఎడంతో నిలువుగా మూడు రంధ్రాలు వేయండి. మధ్య రంధ్రం 417 అయితే, కింది రంధ్రం 397లో యాంటీ స్క్వాట్ 88కి పోతుంది, పై రంధ్రం 437లో 52కి దిగుతుంది. ఒక్క బోల్టు మార్చి ఇంత తేడా చూడొచ్చు. ఇంకో కోణంలో చూస్తే, బ్రాకెట్ అతికించేటప్పుడు అంగుళం అటూ ఇటూ అయితే ఏం పోతుందిలే అనేవాళ్లకి ఇదే సమాధానం. బరువు కేంద్రం ఎత్తు 50 మి.మీ. తప్పు కొలిస్తే ఆరు పాయింట్లే తేడా, బ్రాకెట్ 20 తప్పితే పద్దెనిమిది.

పై నుంచి చూసే బొమ్మ, అందరూ వదిలేసేది

పక్క బొమ్మ గీసి ఆగిపోయేవాళ్లే ఎక్కువ. మలుపుల్లో బండి ఎలా నడుస్తుందన్నది మాత్రం పై బొమ్మలో ఉంటుంది.

పై లింకులు రెండూ ఆక్సిల్ వైపు దగ్గరగా, ఛాసిస్ వైపు ఎడంగా ఉండాలి. ఆక్సిల్ దగ్గర మధ్యగీతకి అటు 100, ఇటు 100. ఛాసిస్ దగ్గర అటు 400, ఇటు 400. ఇలా పెడితే ఒక్కో లింకు సుమారు 25 డిగ్రీలు ఏటవాలు, రెండింటి మధ్య 50. మొత్తం 40కి తగ్గితే ఆక్సిల్ పక్కకి జారకుండా పట్టే బలం పడిపోతుంది. పక్క నుంచి 600 కిలోల తోపు వచ్చిందనుకోండి, 25 డిగ్రీలకి ఒక్కో పై లింకు మీద 700 చిల్లర పడుతుంది, అదే 15 డిగ్రీలైతే 1150 దాటుతుంది. సీటు, పెట్రోలు ట్యాంకు అడ్డం వచ్చి అంత ఏటవాలు కుదరకపోతే, లింకులు నాలుగూ నేరుగా పెట్టి అడ్డంగా ఒక పానార్డ్ రాడ్ (ఒక చివర ఆక్సిల్‌కి, ఇంకో చివర ఛాసిస్‌కి బిగించే కడ్డీ) వేయండి. అది 900 పొడవుంటే 80 మి.మీ. కదలికకి ఆక్సిల్ పక్కకి జరిగేది 3.6 మి.మీ. మాత్రమే, 500 పొడవైతే 6.4. ట్రయాంగిల్ ఉన్న బండికి మళ్లీ పానార్డ్ రాడ్ మాత్రం వేయొద్దు, రెండూ ఒకదాన్నొకటి లాక్కుని బ్రాకెట్లు చీలుస్తాయి.

ఇక రోల్ సెంటర్, అంటే మలుపులో బండి వెనక భాగం ఏ చుక్క చుట్టూ పక్కకి ఒరుగుతుందో అది. మన పై లింకుల గీతలు ఆక్సిల్‌కి 217 మి.మీ. వెనక, 488 ఎత్తులో కలుస్తాయి. కింది లింకుల గీతలు ఎక్కడ కలుస్తాయో ఆ చుక్కకీ, దీనికీ కలిపి పక్క బొమ్మలో గీత గీస్తే అది రోల్ ఇరుసు. ఆ గీత ఆక్సిల్ మీదుగా పోయే ఎత్తు రోల్ సెంటర్.

కింది లింకులు రెండూ పై నుంచి చూస్తే సమాంతరంగా ఉన్నాయనుకోండి. అవి ఎక్కడా కలవవు కాబట్టి రోల్ ఇరుసు వాటి వాలునే పట్టుకుంటుంది. మన కింది లింకు ముందుకి పోయేకొద్దీ 20 మి.మీ. లేస్తుంది, అంటే రోల్ ఇరుసు కూడా ముందుకి లేస్తుంది. ఇలా లేస్తే మలుపులో బండి పక్కకి ఒరిగినప్పుడు వెనక ఆక్సిల్ బయటికి తిరిగి, బండి మీరు అడిగినదానికంటే ఎక్కువ తిరుగుతుంది. ఇసుక మీద సరదాగా ఉంటుందేమో గానీ వేగంలో చేతికి దొరకదు.

ఇప్పుడు కింది లింకులని ఆక్సిల్ వైపు అటూ ఇటూ 500, ఛాసిస్ వైపు 350 చేయండి. పక్క బొమ్మలో ఏమీ మారలేదు, యాంటీ స్క్వాట్ 70 అలాగే ఉంది. కానీ కింది గీతలు ఇప్పుడు 3000 మి.మీ. ముందు, 357 ఎత్తులో కలుస్తాయి. రోల్ ఇరుసు 488 నుంచి 357కి, అంటే ముందుకి దిగుతుంది, సుమారు 2.3 డిగ్రీలు. బండి ఒక డిగ్రీ ఒరిగితే వెనక ఆక్సిల్ 0.04 డిగ్రీ మాత్రమే, అదీ బండిని నిలకడగా ఉంచే వైపు తిరుగుతుంది. రోల్ సెంటర్ 479 దగ్గర. ఛాసిస్ బ్రాకెట్లని ఒక్కో వైపు జానెడు కూడా లోపలికి జరపకుండానే బండి గుణం మారిపోయింది, అందుకే పై బొమ్మ గీయకుండా వెల్డింగ్ మొదలుపెట్టొద్దంటున్నా.

అసలు లింకుల పొడవులు, రంధ్రం మధ్య నుంచి రంధ్రం మధ్యకి: కిందిది 913, పైది 718. పక్క బొమ్మలోని 900, 650 చూసి పైపు కోయకండి.

లింకు మీద ఎంత బలం పడుతుంది

ఇక్కడ భయపడాల్సినదానికి భయపడరు, అక్కర్లేనిదానికి భయపడతారు. టైరు నేలని తోసే బలం ఒకటైతే, కింది లింకుల జత మీద పడేది పై రంధ్రం ఎత్తు భాగించు రెండు రంధ్రాల మధ్య దూరం. అంటే 470 ÷ 180 = 2.6 రెట్లు, నొక్కే బలం. పై జత మీద 290 ÷ 180 = 1.6 రెట్లు, లాగే బలం. బ్రేకు వేస్తే రెండూ తలకిందులవుతాయి. పై రంధ్రం 380కి దించి మధ్య దూరం 90 చేశారనుకోండి, కింద 4.2 రెట్లు, పైన 3.2 రెట్లు. డిక్కీలో చోటు కలిసొస్తుందని పై బ్రాకెట్ పొట్టిగా చేసే వాళ్లు బోల్టులు ఎందుకు తెగుతున్నాయని అడిగేది అందుకే.

600 కిలోల తోపు పట్టుకుంటే కింది లింకు ఒక్కోదానికి సుమారు 780 కిలోలు, గుంతలో పడ్డప్పటి దెబ్బకి మూడు రెట్లు వేసుకుంటే 2.3 టన్నుల పైన. 42 మి.మీ. వ్యాసం, 4 మి.మీ. మందం ఉన్న సీమ్‌లెస్ పైపు తిన్నగా ఉంటే సాదా స్టీలు అయినా 11 టన్నుల దాకా ఓర్చుకుంటుంది, కాబట్టి పైపు గురించి టెన్షన్ అక్కర్లేదు. అదే పైపుని ఏదో అడ్డం తగులుతోందని 30 మి.మీ. వంచారంటే, ఆ 2.3 టన్నులకే అణిగే హద్దు దగ్గరికి వచ్చేస్తుంది. లింకు వంచొద్దు. అడ్డమొచ్చేదాన్ని జరపండి.

ముందు పోయేవి బోల్టులు, బ్రాకెట్లు. బోల్టుని రెండు రెక్కల మధ్య పట్టే బ్రాకెట్ చేయాలి, ఒక్క రెక్కకి వేలాడదీయకూడదు. రెక్క 6 మి.మీ. ప్లేటు, రెక్కల వెనక అడ్డపట్టీ. బోల్టు 16 మి.మీ., తల మీద 8.8 లేదా 10.9 అని ముద్ర ఉన్నది. రెక్కల మీద కూర్చునేది బోల్టు నున్నటి భాగం కావాలి, మరల భాగం కాదు. రంధ్రం గ్యాస్ కటింగ్‌తో వేయనివ్వకండి, డ్రిల్లుతోనే.

బుష్‌లు

రాడ్ ఎండ్ జాయింట్లు (లోపల ఇనుప గుండు అన్ని వైపులా తిరిగే కీళ్లు) చూడ్డానికి రేసు బండిలా ఉంటాయి, కదలిక కూడా స్వేచ్ఛగా ఉంటుంది. కానీ మన తీరం ఉప్పుగాలికీ ఇసుకకీ, రబ్బరు తొడుగు లేకుండా వాడితే తొందరగా వదులై ఖణఖణమంటాయి. ఛాసిస్ వైపు రబ్బరు బుష్, ఆక్సిల్ వైపు తొడుగున్న రాడ్ ఎండ్, ఇది నాకు నచ్చిన కలయిక. గట్టి పాలీయురిథేన్ బుష్‌లు రెండు చివరలా వేస్తే ట్రయాంగిల్ లింకులు మెలిక తిరగలేక బిగుసుకుంటాయి. ఒక చక్రం రాయెక్కి ఇంకోటి గుంతలో ఉన్నప్పుడు అది తెలుస్తుంది.

లింకుకి ఒక చివర కుడి మర, ఇంకో చివర ఎడమ మర వేయించుకుంటే లింకు విప్పకుండానే తిప్పి పొడవు సర్దుకోవచ్చు. లేత్ వాడికి ముందే చెప్పండి, ఎడమ మర ట్యాప్ అందరి దగ్గరా ఉండదు. మర లోపల కూర్చున్న పొడవు దాని వ్యాసానికి కనీసం ఒకటిన్నర రెట్లు ఉండాలి, లాక్ నట్టు తప్పదు.

ప్రొపెల్లర్ షాఫ్ట్ కోణం

గేర్‌బాక్స్ నుంచి వెనక ఆక్సిల్‌కి పవరు తెచ్చేది ప్రొపెల్లర్ షాఫ్ట్, అది ఆక్సిల్‌కి తగిలే చోట ఉండే గేరు పినియన్. ఆక్సిల్ కిందకి పైకి కదిలేటప్పుడు పినియన్ ముక్కు కూడా వంగుతుంది. ఎంత? కదలిక భాగించు ఇన్‌స్టంట్ సెంటర్ దూరం. 100 మి.మీ. పైకి పోతే 100 ÷ 1735, అంటే 3.3 డిగ్రీలు కిందికి. రెండు చివరలా మామూలు క్రాస్‌లు (వంగుతూ తిరిగే కీళ్లు) ఉన్న షాఫ్ట్ అయితే గేర్‌బాక్స్ చివర, పినియన్ రెండూ సమాంతరంగా ఉండాలి. రబ్బరు బుష్‌లున్న బండిలో లాగేటప్పుడు పినియన్ ముక్కు పైకి లేస్తుంది కాబట్టి ఒకటి, రెండు డిగ్రీలు కిందికి వంచి పెడతారు. పై లింకుల మర తిప్పితే ఇది వచ్చేస్తుంది. షాఫ్ట్ పూర్తిగా సాగినప్పుడు స్లిప్ భాగం ఊడిపోకుండా, పూర్తిగా ముడుచుకున్నప్పుడు గుద్దుకోకుండా రెండు వైపులా చూడండి.

స్ప్రింగు, షాక్

స్ప్రింగు ఆక్సిల్ మీదే కూర్చుంటే లెక్క సులువు. వెనక ఒక్కో మూలకి ఆక్సిల్, చక్రాలు తీసేస్తే 210 కిలోలు మిగులుతాయనుకుందాం. సెకనుకి ఒకటిన్నర ఊపు రావాలంటే మిల్లీమీటర్‌కి 1.9 కిలోల స్ప్రింగు, బండి బరువుకే అది 110 మి.మీ. దిగుతుంది. స్ప్రింగుని కింది లింకు మీద, ఛాసిస్ నుంచి 80 శాతం దూరంలో పెడితే 0.8 × 0.8 = 0.64తో భాగించాలి, అంటే మూడు కిలోల స్ప్రింగు కావాలి. అప్పుడు లింకు వంగే బలం కూడా మోయాలి కాబట్టి పైన చెప్పిన పైపు చాలదు, ఇంకా మందం వేయండి. పైకి కదలికని రబ్బరు స్టాపరు ఆపాలి, కిందికి కదలికని పట్టీ ఆపాలి. ఈ రెండు పనులూ షాక్‌తో చేయిస్తే అది ఎక్కువకాలం ఉండదు.

టాకాలు వేసి, తిప్పి చూసి, అప్పుడు పూర్తి వెల్డింగ్

బ్రాకెట్లన్నీ ముందు టాకాలతో మాత్రమే నిలబెట్టండి. స్ప్రింగులు లేకుండా ఆక్సిల్ కింద జాకీ పెట్టి 20 మి.మీ. చొప్పున పైదాకా లేపుతూ మూడు అంకెలు రాయండి: వీల్ బేస్, పినియన్ కోణం, ఆక్సిల్ పక్కకి జరిగిన దూరం. తర్వాత ఒక్క చక్రాన్నే లేపండి. ఎక్కడైనా గట్టిగా తగిలితే, చేత్తో లింకుని కాస్త మెలిపెట్టి చూస్తే కదలకపోతే, బుష్ బిగుసుకుందని అర్థం. పై లింకు డిఫరెన్షియల్‌ని, ఛాసిస్ అడ్డబద్దీని తగిలే చోట్ల మెత్తటి బంకమట్టి ముద్ద పెట్టండి, తగిలితే ముద్ర పడుతుంది. 15 మి.మీ. కంటే తక్కువ సందు ఉంటే ఒప్పుకోవద్దు, రబ్బరు బుష్ నొక్కుకుంటుంది కాబట్టి నడిచేటప్పుడు అది ఇంకా తగ్గుతుంది.

హౌసింగ్ మీద వెల్డింగ్ చేసేటప్పుడు తొందర వద్దు. ఒకేచోట పొడవుగా లాగితే గొట్టం వంగుతుంది, చక్రాల కోణం పోతుంది, ఆయిల్ సీళ్లు కారతాయి. అంగుళం అంగుళంగా, కుడి ఎడమ మారుస్తూ, మధ్యలో చేయి పెట్టగలిగేంత చల్లారనిస్తూ వేయాలి. మధ్య గుండ్రటి భాగం పోత ఇనుము అయితే దానికి నేరుగా బ్రాకెట్ అతికించొద్దు. రెండు వైపుల గొట్టాలని కలుపుతూ దానిపై నుంచి ఒక వంతెనలాంటి ప్లేటు చట్రం కట్టి పై లింకులు దానికి బిగించండి. బ్యాటరీ తీగ ముందే తీసేయండి.

రబ్బరు బుష్‌ల బోల్టులు బండి తన చక్రాల మీద, తన ఎత్తులో నిలబడ్డాకే బిగించాలి. గాలిలో వేలాడుతున్నప్పుడు బిగిస్తే రబ్బరు ఎప్పుడూ మెలితిరిగే ఉంటుంది, తొందరగా చీలుతుంది.

నడిపి సర్దుకోవడం

మొదటి పరుగు చదునైన, ఖాళీ సొంత నేల మీద. బయటినుంచి ఒకరు ఫోన్‌లో వీడియో తీయాలి, లోపల కూర్చుంటే వెనక ఏం జరుగుతుందో తెలియదు.

లాగేటప్పుడు వెనక బాగా కూర్చుంటే ఛాసిస్ వైపు పై బోల్టుని కింది రంధ్రానికి మార్చండి. టైరు ఎగిరినా, బ్రేకులో గడగడలాడినా పై రంధ్రానికి మార్చండి. టైరు ఎగరడానికి షాక్ బలహీనంగా ఉండటం కూడా కారణం కావచ్చు, ముందు అది చూడండి. మలుపులో వెనక తిరిగిపోతోందనిపిస్తే ఛాసిస్ వైపు కింది బోల్టుని 20 దించి లింకుని మట్టం చేయొచ్చు, అందుకే అక్కడ కూడా రెండో రంధ్రం ఉంచుకోవాలి. అయితే అది ఒక్కటే మారిస్తే యాంటీ స్క్వాట్ 70 నుంచి 48కి పడిపోతుంది. దానితోపాటు పై బోల్టుని కింది రంధ్రానికి దించితే మళ్లీ 67కి వస్తుంది. ఒకసారికి ఒక్క మార్పే చేసి నడిపి చూడమంటారు గానీ, ఈ రెండు బోల్టుల విషయంలో మాత్రం రెండూ కలిపే మార్చాలి. ప్రతి మార్పు తర్వాత పినియన్ కోణం మళ్లీ కొలవండి, ప్రతి పరుగు తర్వాత లాక్ నట్లకి స్పానరు పెట్టి చూడండి. నట్టు మీద పెయింటు గీత గీసి పెట్టుకుంటే వదులైంది ఏదో దూరం నుంచే కనిపిస్తుంది.